హోస్టెస్ బేస్‌బాల్ కార్డు కొలతకు చిట్కా

1975 నుంచి 1979 వరకు అమెరికాలో హోస్టెస్ అనే బ్రాండు కేకుల పెట్టెల అడుగున మూడేసి చొప్పున అచ్చయిన బేస్‌బాల్ కార్డులను (ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులను) పిల్లలు ఇంట్లో కత్తెరతోనే కత్తిరించుకున్నారు కనుక, విడి కార్డు అంచు పూర్తిగా మిగిలిందో లేదో కంటిచూపుతో తేల్చడం కష్టం. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుపై సన్నని మార్కర్‌తో 2.25 అంగుళాల వెడల్పు, 3.25 అంగుళాల పొడవున్న దీర్ఘచతురస్రం గీసి, సిరా పూర్తిగా ఆరాక, గీసిన వైపు పైకి ఉండేలా కార్డుపై మెల్లగా ఆనించండి. గీతకూ కార్డు అంచుకూ మధ్య షీటు కింద బల్ల కనిపిస్తే, అటువైపు కోత లోపలికి పోయినట్టే. కత్తిరించడానికి గుర్తుగా కార్డు చుట్టూ అచ్చువేసిన చుక్కల గీత నాలుగు వైపులా మిగిలిన కార్డునే నేను ఎంచుకుంటాను. పోస్ట్ బ్రాండు సీరియల్ (అల్పాహార ధాన్యం) పెట్టెల మీద వచ్చిన కార్డుల కొలత వేరు కనుక వాటికి ఈ షీటు పనికిరాదు. వంగిన కార్డు మీద కూడా కొలత తప్పుతుంది.