లినక్స్ డ్రైవర్లలో అనవసరపు కోడ్‌ను పట్టుకుని తీసేయడం

డ్రైవర్లలో కనిపించే అదనపు వరుసల్లో చాలావరకు రాసిన రోజున అవసరమైనవే. తర్వాత ఆ పనిని కెర్నెల్ కోర్ (డ్రైవర్లన్నీ వాడుకునే ఉమ్మడి కోడ్) తనే చేయడం మొదలుపెట్టింది, డ్రైవర్‌లో మాత్రం అవి అలాగే ఉండిపోయాయి. అందుకే ఏ వరుస తీసేముందైనా ఆ పని ఇప్పుడెవరు చేస్తున్నారో కోర్ సోర్స్‌లో చూసుకోండి. దొరక్కపోతే దాని జోలికి పోవద్దు.

వెతకడానికి కాక్సినెల్ ఉంది, సీ కోడ్‌లో నమూనాలను పట్టుకునే పనిముట్టు. కెర్నెల్ ట్రీ (మొత్తం సోర్స్) మొదటి డైరెక్టరీలో ‘మేక్ కాక్సీచెక్’ నడపండి. మోడ్‌కి రిపోర్ట్ అని, ‘ఎమ్’కి మీ డ్రైవర్ డైరెక్టరీ ఇవ్వండి. ఎమ్ ఇవ్వకపోతే ట్రీ అంతా తిరిగొస్తుంది, అది తెమిలే పని కాదు. తర్వాత అదనపు హెచ్చరికలు చూపించే ‘డబ్ల్యూ=1’తో బిల్డ్ చేస్తే, విలువ పెట్టి ఎక్కడా వాడని వేరియబుల్స్ బయటపడతాయి.

ఎక్కువగా దొరికేది, మెమరీని విడిచిపెట్టే కెఫ్రీ ముందు నల్ (ఖాళీ పాయింటర్) తనిఖీ. నల్ వస్తే కెఫ్రీ ఏమీ చేయకుండా వెనక్కి వస్తుంది, కాబట్టి ఆ ‘ఇఫ్’ తీసేయొచ్చు. మెమరీ అడిగే కెమాలక్ విఫలమైతే ముద్రించే మెసేజ్ కూడా దండగే, మెమరీ కోడ్ అంతకంటే వివరంగా చెబుతుంది. ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌కి పంపే పిలుపు) నంబర్ తెచ్చే ప్లాట్‌ఫామ్_గెట్_ఐఆర్‌క్యూ కెర్నెల్ 5.4 నుంచి ఎర్రర్ తనే ముద్రిస్తోంది, డ్రైవర్ మళ్లీ ముద్రించక్కర్లేదు. దాని ఆప్షనల్ రూపం ముద్రించదు, రెండింటినీ కలిపేయకండి. పరికరంతో పంచుకునే మెమరీ ఇచ్చే డీఎమ్‌ఏ_అలాక్_కొహెరెంట్ 5.0 నుంచి మెమరీని సున్నా చేసే ఇస్తుంది, దాని వెనక సున్నాలు నింపే మెమ్‌సెట్ అక్కర్లేదు. అయితే మెమ్‌సెట్ తీసేసిన ఆ ప్యాచ్‌ను (మార్పుల ఫైలును) 4.19 లాంటి పాత కెర్నెల్‌కి తీసుకెళ్తే బఫర్‌లో చెత్త మిగలొచ్చు.

దెబ్బతినేది ఎక్కువగా పరికరపు రిజిస్టర్ల దగ్గరే. రిజిస్టర్‌లో రాసే రైట్ఎల్ కింద, దాన్ని చదివే రీడ్ఎల్ ఒకటి ఉంటుంది, దాని విలువను ఎవరూ వాడరు. చూడ్డానికి శుద్ధ దండగ. కానీ పీసీఐ మీద రాత వెంటనే పరికరానికి చేరకపోవచ్చు, దారిలో బ్రిడ్జిలో ఆగి ఉండొచ్చు. ఆ చదవడమే రాతను తోసి పంపిస్తుంది. అది తీసేస్తే ఇంటరప్ట్ మాస్క్ చేశాక (రాకుండా ఆపాక) కూడా ఒకటి వచ్చి పడొచ్చు, అదీ అన్ని మెషిన్లలో కాదు. కొన్ని స్టేటస్ రిజిస్టర్లు చదివితేనే క్లియర్ అవుతాయి కూడా. డేటాషీట్, ఆ వరుస ఏ మార్పులో వచ్చిందో చెప్పే గిట్ బ్లేమ్ రెండూ చూడకుండా రిజిస్టర్ చదివే వరుసను తొలగించకండి.

డ్రైవర్‌ను పరికరం నుంచి విడదీసేటప్పుడు నడిచే రిమూవ్‌లో, ఇంటరప్ట్‌ను వదిలే ఫ్రీ_ఐఆర్‌క్యూ తీసేసి, వనరులను కోర్ తనే విడుదల చేసే డెవ్‌ఎమ్ రకానికి మారడంలోనూ ఒక తిరకాసు ఉంది. డెవ్‌ఎమ్ వనరులు రిమూవ్ ముగిశాకే, తీసుకున్న వరుసకు వెనకనుంచి విడుదలవుతాయి. క్లాక్‌ని మాత్రం రిమూవ్‌లోనే ఆపేస్తుంటే, ఈలోపు ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ క్లాక్ లేని రిజిస్టర్‌ను ముట్టుకుంటుంది, కొన్ని చిప్‌లలో సిస్టమే బిగుసుకుపోతుంది. ప్రోబ్‌లో (డ్రైవర్ పరికరానికి జతయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్‌లో) ముందు క్లాక్‌కి డెవ్‌ఎమ్_సీఎల్‌కే_గెట్_ఎనేబుల్డ్, తర్వాతే ఇంటరప్ట్ అడగండి. రెండూ మార్చలేకపోతే పాతదే ఉంచండి.

వాడని వేరియబుల్ తీసినప్పుడు ముందూ తర్వాతా ఆబ్జెక్ట్ ఫైళ్ల డిస్‌అసెంబ్లీని ఆబ్జ్‌డంప్‌తో పోల్చండి. మెషిన్ సూచనలు (ఇన్‌స్ట్రక్షన్లు) మారకూడదు. హెచ్చరిక ముద్రించే వార్న్ మ్యాక్రోలు దాచుకునే వరుస నంబర్ల తేడాను లెక్కలోకి తీసుకోవద్దు. డెవ్‌ఎమ్ మార్పులకు ఇది చాలదు. డీబగ్_టెస్ట్_డ్రైవర్_రిమూవ్ కాన్ఫిగ్ ఆన్ చేసి బూట్ చేస్తే కెర్నెల్ ప్రతి డ్రైవర్‌నీ ఒకసారి తీసి మళ్లీ ప్రోబ్ చేస్తుంది. ఆపైన పరికరం పనిలో ఉండగానే సిస్‌ఎఫ్‌ఎస్‌లోని అన్‌బైండ్‌తో విడదీసి చూడండి.

ఒక్కో రకం మార్పుకు ఒక్కో ప్యాచ్ పెట్టండి. నల్ తనిఖీలూ డెవ్‌ఎమ్ మార్పూ ఒకే ప్యాచ్‌లో ఉంటే, రేపు తప్పు తెచ్చిన మార్పును వెతికే గిట్ బైసెక్ట్ ఆ ప్యాచ్ దగ్గర ఆగినా తప్పు ఏ వరుసదో తేలదు.