మ్యాన్‌హోల్ పొంగుతోందా? ముందు కింది మూత తీసి చూడండి

మ్యాన్‌హోల్ పొంగిందంటే చాలు, పొంగుతున్న దాంట్లోనే రాడ్లు దింపి పొడవడం మొదలుపెడతారు, ఎన్నిసార్లు చెప్పినా ఇదే తంతు. పొంగేది ఒకచోట, అడ్డం పడేది ఇంకోచోట అండీ. నీళ్లు పోయే వైపు తర్వాతి మూత, అంటే కింది మూత, తీసి చూడండి, రెండు నిమిషాల పని. అందులో నీళ్లు లేకుండా అడుగున సన్నగా పారుతోందంటే జామ్ ఈ రెండింటి మధ్యే. అది కూడా నిండి ఉంటే దాని తర్వాతిది, అలా ఖాళీది దొరికేదాకా నడవాలి. చివరిదాకా అన్నీ నిండే ఉన్నాయంటే లైన్‌ని వదిలేసి ముందు పంపింగ్ స్టేషన్‌కి వెళ్లండి, పంపు ఆగిపోయి ఉంటుంది, లేదంటే ఫ్లోట్ స్విచ్‌కి (నీటితో పాటు పైకి తేలి పంపుని ఆన్ చేసేది) గ్రీజు, అంటే గడ్డకట్టిన నూనె జిడ్డు, పట్టేసి పైకి లేవక పంపు ఆన్ అవ్వట్లేదు, కడిగి విడిపిస్తే సరిపోతుంది.

మూత తీశాక లోపలికి ఎవరూ దిగొద్దు. లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలీదు, కాబట్టి వాసన రావట్లేదు కదా అని దిగితే ప్రాణం పోతుంది, కాపాడదామని దిగినవాళ్లది కూడా. ఇక్కడ చెప్పే పనంతా పైనుంచి చేసేదే.

జెట్టింగ్, అంటే గొట్టంతో ఒత్తిడి మీద నీళ్లు కొట్టి లైన్ కడగడం, ఖాళీగా ఉన్న కింది మ్యాన్‌హోల్ నుంచి పై మ్యాన్‌హోల్ వైపుకి చేయాలి. గొట్టం కొసనున్న నాజిల్ వెనక్కి చిమ్మే నీళ్లు పూడికని మీ ముందున్న చాంబర్‌లోకి లాక్కొస్తాయి, అక్కడే ఎత్తేయాలి, వదిలేస్తే రేపు దాని కింది లైన్ జామ్ అవుతుంది. ఇంకోటి, పైన నీళ్లు సర్రున దిగగానే పని అయిపోయిందని గొట్టం చుట్టేస్తారు. అప్పటికి గ్రీజులో ఒక బెజ్జం పడిందంతే, గోడలకి పట్టింది పట్టినట్టే ఉంది. వెనక్కొచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా లాగుతూనే ఉండాలి.

వాన పడినప్పుడే పొంగుతోందంటే ఎవరో డాబా మీది వాననీళ్లని డ్రైనేజీలో కలిపేశారు, లేదా మూతలు పగిలాయి. లైన్‌లోకి పొగ కొట్టి చూస్తే ఏ వాననీటి గొట్టంలోంచి వస్తుందో అదే దొంగ కనెక్షన్. చెట్ల వేర్లైతే కటర్ నాజిల్‌తో కోసేసి, అవి దూరిన జాయింట్ బాగు చేయించండి.

ఇక నన్ను నెలల తరబడి తిప్పలు పెట్టిన విషయం. ఒక లైన్ ఇరవై రోజులకోసారి పొంగేది. వెళ్లడం, జెట్టింగ్ కొట్టడం, బాగైందని రావడం, మళ్లీ ఫోను. పైన ఉన్న వంటశాల వాళ్లు నూనె పోస్తున్నారని వాళ్లతో గొడవ పడ్డాం, వాళ్లు నూనె జిడ్డుని లైన్‌లోకి పోకుండా ఆపే గ్రీజు ట్రాప్ పెట్టుకున్నాక కూడా పొంగింది. చివరికి అనుమానమొచ్చి జెట్టింగ్ గొట్టానికి టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ అడ్డం తగిలేది ఒకే దూరంలో. అక్కడ పైపు కిందికి కుంగింది. జాయింట్ కారి కింద మట్టి కొట్టుకుపోయి వాటం (వాలు) తప్పింది. లైన్ తనని తాను శుభ్రం చేసుకోవాలంటే నీళ్లు సెకనుకి కనీసం 0.6 మీటర్ల వేగంతో పారాలి, కుంగిన చోట నిలబడిపోతాయి, అడుగున ఇసుక, పైన గ్రీజు పేరుకుంటాయి. జెట్టింగ్‌తో పేరుకున్నది పోతుంది గానీ గుంత అలాగే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి కెమెరా ఉంటే మంచిదే, లేకపోయినా పర్లేదు. లైన్ బాగా కడిగాక పై మ్యాన్‌హోల్‌లో ప్లగ్ పెట్టి నీళ్లు ఆపండి. పొడుగు కర్రకి అద్దం ఏటవాలుగా కట్టి పైపు నోటి ఎదురుగా దింపండి, అవతలి మ్యాన్‌హోల్ నుంచి ఇంకొకరు అలాగే అద్దంతో ఎండనో టార్చ్ వెలుగునో పైపులోకి కొట్టాలి. అద్దంలో గుండ్రంగా నిండు చంద్రుడిలా వెలుగు కనిపిస్తే పైపు తిన్నగా ఉంది. మాకు ఆరోజు సగం తెగిపోయి అర్ధచంద్రుడు కనిపించాడు, కుంగిన పైపే వెలుగుకి అడ్డం పడింది. పక్క భాగం తెగితే పైపు పక్కకి జరిగిందని. అసలు వెలుగే రాకపోతే బాగా లోతుకి కుంగింది, లేదా మీరు సరిగ్గా కడగలేదు, ఇంకోసారి కడిగి చూడండి.

కుంగిందని తేలితే మామూలుగా తవ్వి మార్చాల్సిందే. టేపు గుర్తు ఉంది కాబట్టి లైన్ మొత్తం తవ్వక్కర్లేదు, మేం రెండు పైపులే మార్చాం. కింద మెత్తటి మట్టి తీసేసి కంకర పరిచి దిమ్మిస కొట్టి, దారం కట్టి వాటం చూసుకుని పైపు పెట్టాలి. ఇక్కడ తొందరపడితే ఏడాదిలో మళ్లీ అదే చోట కుంగుతుంది. మట్టి పూడ్చకముందు ఒకసారి, పూడ్చి గట్టిగా తొక్కించాక ఇంకోసారి అద్దం పెట్టి చూడండి, ఎందుకంటే రెండో పైపు మాకు మట్టి బరువు పడ్డాకే జరిగింది, మళ్లీ తవ్వాల్సొచ్చింది.