జీడిచెట్లకు పొటాషియం సిలికేట్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

పర్లాకిమిడి, గుణుపురం వైపు, ఇటు ఉద్దానంలో వానలు తగ్గాక జీడికి కొత్త చిగురు వస్తుంది, దాంతోపాటే టీ దోమ (పేరుకే దోమ, నిజానికి చెట్ల రసం పీల్చే నల్లి జాతి పురుగు) కూడా దిగుతుంది. లేత కొమ్మల్లో, పూతలో, పిందెల్లో రసం పీల్చేస్తుంది, అది కుట్టినచోట నల్లటి మచ్చ పడి కొమ్మ చివర ఎండుతుంది.

పొటాషియం సిలికేట్ పురుగుమందు కాదు, ఆకు చర్మాన్ని గట్టిపరిచి చెట్టు సొంత శక్తిని పెంచేది. అందుకే చిగురు మొదలవగానే కొట్టాలి, కొమ్మలు మాడాక కొడితే పెద్దగా లాభం ఉండదు.

యూరియా ఎక్కువ వేశారా? అయితే ముందు అది ఆపండి, నత్రజని ఎక్కువైన లేత చిగురంటే రసం పీల్చే పురుగులకు మహా ఇష్టం.

ఎండుకొమ్మలు కోసి, చెట్టు లోపలికి వెలుతురు పోనివ్వండి. పక్కన వేప, జామ ఉంటే వాటి చిగుళ్లూ చూడండి, ఈ దోమ అక్కడా బతుకుతుంది.

ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమల్ని దయచేసి చంపకండి, కోతప్పుడు కుడతాయని తగలబెడుతుంటారు గానీ టీ దోమను వేటాడేది అవే.

సిలికేట్‌కు క్షారగుణం ఎక్కువ, వేరే మందులతో ఒకే ట్యాంకులో కలపొద్దు. మోతాదు డబ్బా మీద రాసినంతే. కలుపుమందు కొట్టిన స్ప్రేయరైతే బాగా కడగండి, ముందు ఒక్క కొమ్మకు కొట్టి రెండు మూడు రోజులు ఆగి ఆకు మాడలేదని చూశాకే తోటంతా కొట్టండి, అదీ గాలి లేని సాయంత్రం, కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకుని.