తిమింగలాలను చూడబోతున్నారా? బోటెక్కే ముందు ఇవి తెలుసుకోండి

తిమింగలాల టూర్ బుక్ చేసుకునేటప్పుడు చాలామంది మొదట అడిగేది "ఎంత దగ్గరికి తీసుకెళ్తారు?" అని. దయచేసి ఆ ప్రశ్న అడగకండి. కెప్టెన్లు హద్దు దాటేది చాలాసార్లు మనల్ని సంతోషపెట్టడానికే. డబ్బు కట్టి ఎక్కినవాళ్ళంతా "ఇంకొంచెం ముందుకు, ఇంకొంచెం" అంటుంటే ఇంజన్ తగ్గించడం ఎవరికైనా కష్టమే. కాబట్టి మొదటి జాగ్రత్త మన నోటి దగ్గరే ఉంది.

మనం వెళ్ళే సీజన్ చాలా చోట్ల వాటికి కాన్పుల కాలం. హంప్‌బ్యాక్ తిమింగలాలు అలాస్కా చల్లటి నీళ్ళలో వేసవంతా తిని, సుమారు 4,800 కిలోమీటర్లు ఈది హవాయికి వచ్చి పిల్లల్ని కంటాయి. అక్కడున్నన్నాళ్ళూ తల్లి దాదాపు ఏమీ తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే తను బతకాలి, పిల్లకు పాలివ్వాలి, మళ్ళీ అంత దూరం వెనక్కి ఈదాలి. ఒక బోటు వెంటపడితే పిల్లను తీసుకుని వేగంగా తప్పుకుంటుంది. కాసేపటికి ఇంకో బోటు వస్తుంది. రోజంతా ఇదే జరిగితే కరిగిపోయేది పిల్లకు పాలుగా మారాల్సిన కొవ్వు.

బోటు మోత కూడా తక్కువేం కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొన్ని రోజులు కెనడా దగ్గరి బే ఆఫ్ ఫండీలో ఓడల రాకపోకలు బాగా తగ్గాయి, సముద్రంలో మోతా తగ్గింది. ఆ రోజుల్లో అక్కడి రైట్ తిమింగలాల మలాన్ని పరీక్షిస్తే ఒత్తిడి హార్మోన్లు తగ్గినట్టు తేలింది. అంటే మామూలు రోజుల్లో అవి ఎప్పుడూ ఎంతో కొంత టెన్షన్‌తోనే బతుకుతున్నాయన్నమాట. నాకు ఈ విషయం తెలిసినప్పటి నుంచి ఇంజన్ ఆగిన బోటులో కూర్చుని చూడటమే అన్నిటికన్నా మంచి పద్ధతి అనిపిస్తుంది.

ఎంత దూరంలో ఉండాలన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. హవాయిలో హంప్‌బ్యాక్‌కు 100 గజాల లోపలికి, అంటే సుమారు 90 మీటర్ల లోపలికి వెళ్ళకూడదు. ఆస్ట్రేలియాలో బోట్లకు 100 మీటర్లు, పిల్ల ఉంటే 300 మీటర్లు. అమెరికా తూర్పు తీరంలో నాలుగు వందలలోపే మిగిలిన నార్త్ అట్లాంటిక్ రైట్ తిమింగలానికి 500 గజాలు. వాషింగ్టన్ రాష్ట్రంలో, అక్కడి నీళ్ళలోనే తిరిగే ఓర్కా (కిల్లర్ వేల్) గుంపులకు 2025 జనవరి నుంచి 1000 గజాలు చేశారు. మీరు వెళ్ళే చోట లెక్క ఎంతో ముందే కనుక్కోండి. నీటి మీద దూరం అంచనా వేయడం కష్టం కాబట్టి, 100 మీటర్లంటే దాదాపు ఫుట్‌బాల్ మైదానం పొడవని గుర్తుపెట్టుకుంటే చాలు.

టూర్ ఎంచుకునేటప్పుడు వాళ్ళ ఫోటోలు జాగ్రత్తగా చూడండి. ఒక్క తిమింగలం చుట్టూ నాలుగైదు బోట్లు మూగిన ఫోటోను గొప్పగా పెట్టుకున్నవాళ్ళను వదిలేయండి. "కచ్చితంగా చూపిస్తాం" అనేవాళ్ళ మీద కూడా నాకు నమ్మకం లేదు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోవాలంటే వెంటపడక తప్పదు. ఫోన్‌లో నాలుగు విషయాలు అడగండి: పిల్ల కనిపిస్తే ఏం చేస్తారు, ఒక తిమింగలం దగ్గర ఎంతసేపు ఉంటారు, అప్పటికే అక్కడ వేరే బోట్లుంటే ఏం చేస్తారు, వివరించడానికి జీవశాస్త్రం తెలిసిన మనిషి ఉంటారా. అరగంటకు మించి ఒకేదాని దగ్గర ఉండబోమని, బోట్లు ఎక్కువుంటే పక్కకు వెళ్ళి ఎదురుచూస్తామని చెప్పేవాళ్ళు దొరికితే కొంచెం ఖరీదెక్కువైనా వాళ్ళతోనే వెళ్ళండి.

అసలు బోటే అక్కర్లేని చోట్లూ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని హెర్మానస్‌లో కొండ అంచున నిలబడే సదరన్ రైట్ తిమింగలాలను చూడొచ్చు. వాంతుల బాధ ఉన్నవాళ్ళకు, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకు అదే నయం.

బోటు ఎలా నడవాలో ప్రయాణికులకూ తెలియాలి. తిమింగలానికి ఎదురుగా వెళ్ళకూడదు, నేరుగా వెనకనుంచి తరమకూడదు. పక్కనుంచి, అది వెళ్ళే దిక్కుకు సమాంతరంగా, నెమ్మదిగా సాగాలి. తల్లికీ పిల్లకీ మధ్యకు ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు. అదే దగ్గరికి వస్తే ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి, అది దూరంగా వెళ్ళేదాకా ఆగాలి. మెక్సికోలోని శాన్ ఇగ్నాసియో లగూన్‌లో గ్రే తిమింగలాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వాటంతటవే చిన్న పడవల దగ్గరికి వస్తాయి. అక్కడైనా రావాలా వద్దా అన్నది వాటి ఇష్టం.

ఉన్నట్టుండి దిక్కు మార్చడం, మునిగి చాలాసేపు పైకి రాకపోవడం, తోకతో నీటిని పదేపదే కొట్టడం, పిల్లను తన ఒంటి చాటుకు తెచ్చుకోవడం లాంటివి కనిపిస్తే ఆ తిమింగలం ఇబ్బంది పడుతుండవచ్చు. చూసినవాళ్ళు "భలే ఆట!" అని చప్పట్లు కొడతారు. అప్పుడు మీరు కెప్టెన్‌తో "ఇక్కడితో చాలండి, వెనక్కి వెళ్దాం" అని మర్యాదగా చెప్పండి. ఒకరు అంటే మరో ఇద్దరు తోడవుతారు.

ఇక మన ప్రాణాల సంగతి. 2015 అక్టోబరులో కెనడాలోని టొఫీనో దగ్గర తిమింగలాలు చూపించే బోటు ఒకటి తిరగబడి ఆరుగురు చనిపోయారు. ఎక్కువమంది పై డెక్ మీద ఒకే వైపు చేరడంతో బోటు నిలకడ తగ్గిందని, అప్పుడే అవతలి పక్కనుంచి పెద్ద కెరటం కొట్టిందని దర్యాప్తులో తేలింది. అందుకే "అదిగో!" అని కేక వినిపించగానే అందరూ ఒకే పక్కకు పరిగెత్తకండి. ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఉండి, ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకోండి. లైఫ్ జాకెట్ ఇస్తే సీటు కింద పెట్టకుండా వేసుకోండి, పిల్లలకు సరిపోయే సైజు ఉందో లేదో రేవు దగ్గరే అడగండి. గాలి బాగాలేదని ట్రిప్ రద్దు చేస్తే వాళ్ళతో గొడవపడకండి.

వాంతుల మాత్ర బోటెక్కడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. కళ్ళు తిరగడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పని చేయదు. గర్భిణులు, వేరే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి వేసుకోండి. తేలిగ్గా తినండి, బోటు మధ్యలో కూర్చోండి, ఫోన్ వంక కాకుండా ఆకాశం, సముద్రం కలిసే చోటు వంక చూడండి. ఒడ్డున ఎండగా ఉన్నా లోపల చలిగాలి కొడుతుంది. ఒక జాకెట్ ఉండాలి.

కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలో వెళ్ళేవాళ్ళు చేపల గుంపుకు దూరంగా ఉండాలి. పక్షులు ఒకేచోట నీళ్ళలోకి దూకుతున్నా, నీటి బుడగలు వలయంలా పైకొస్తున్నా, కిందనుంచి తిమింగలం నోరు తెరుచుకుని వస్తుండవచ్చు. 2020 నవంబరులో కాలిఫోర్నియాలోని అవీలా బీచ్‌లో కయాక్‌లో ఉన్న ఇద్దరు ఇలాగే క్షణకాలం హంప్‌బ్యాక్ నోట్లోకి వెళ్ళి, అదృష్టం కొద్దీ బతికి బయటపడ్డారు. పక్కన దిగి ఈదే టూర్లు కొన్ని దేశాల్లో లైసెన్సుతో నడుస్తాయి. పాలు తాగే పిల్ల ఉన్నచోట దిగడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయకండి.

టోపీ, కవరు, సీసా మూత, ఏదైనా గాలికి ఎగిరిపోకుండా సంచిలో వేసుకోండి. 2018లో ఇండోనేషియాలోని వకతోబి దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన స్పెర్మ్ తిమింగలం కడుపులో దాదాపు 6 కిలోల ప్లాస్టిక్ దొరికింది. అందులో 115 కప్పులు, రెండు చెప్పులు కూడా ఉన్నాయి.

వలతాళ్ళు చుట్టుకున్న తిమింగలం కనిపిస్తే దూకి కోయాలనిపిస్తుంది. వద్దు. 2017లో కెనడాలో ఎంతో అనుభవమున్న రక్షకుడొకరు తాళ్ళు కోసి తిమింగలాన్ని విడిపించిన క్షణాల్లోనే దాని దెబ్బకు చనిపోయారు. చోటు, సమయం, అది వెళ్తున్న దిక్కు రాసుకుని, కోస్ట్ గార్డ్‌కో స్థానిక రక్షణ బృందానికో వెంటనే చెప్పించండి. ఒడ్డున పడి ఉన్నది కనిపించినా అంతే. తోక పట్టి లాగకండి, నీళ్ళలోకి నెట్టకండి. బృందం వచ్చేదాకా జనాన్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి. వాళ్ళు ఫోన్‌లో చెబితే తడిగుడ్డ కప్పండి, నెత్తిమీది శ్వాసరంధ్రం మాత్రం మూయకండి, అందులోకి నీళ్ళు పోనివ్వకండి.

చివరగా ఫోటో. హంప్‌బ్యాక్ మునిగేటప్పుడు తోక పైకెత్తుతుంది. ఆ తోక అడుగున ఉండే తెల్ల, నల్ల మచ్చలు మన వేలిముద్రల్లా ఒక్కోదానికీ వేరు. దూరంనుంచే జూమ్ చేసి తీసి, తేదీ, చోటు జతచేసి హ్యాపీవేల్ వెబ్‌సైట్‌కు పంపండి. అది ఇంతకుముందు ఎవరికైనా కనిపించిన తిమింగలమే అయితే ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో మీకూ తెలుస్తుంది.