పాత క్వారీ గుంత దగ్గర గుడ్లగూబను చూడాలంటే

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వదిలేసిన రాయి క్వారీల్లో కొమ్ముల గుడ్లగూబ ఉంటుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా రాతి అరుగుల మీదే గుడ్లు పెడుతుంది, గూడంటూ కట్టదు. పొద్దుగూకడానికి అరగంట ముందే చేరుకోండి. గోడ మీద సున్నం కారినట్టు తెల్లటి రెట్ట చారలున్న చోట బైనాక్యులర్‌తో (8x42 చాలు) వెతకండి. కింద ఎలుక బొచ్చు, ఎముకలు కలిసిన, అది కక్కిన ఉండలు కనిపిస్తే అది అక్కడ కూర్చుంటున్నట్టే.

చూసేది ఎదుటి గట్టు మీద నుంచే. తల మీది కొమ్ముల్లాంటి ఈకలు నిక్కబొడిచి మీవైపే చూస్తోందంటే దగ్గరికి వచ్చేశారని అర్థం, వెనక్కి జరగండి. గుడ్ల మీది పక్షిని లేపితే గుడ్లు కాకుల పాలు. ఫ్లాష్, టార్చ్ వద్దే వద్దు.

అంచుకు కనీసం పది అడుగుల ఎడం ఉండాలి. పైన రెండు మూడు అడుగులు మొరం, దాని కింద రాయి. వాన నీళ్లకు మొరం లోపల కోసుకుపోతుంది, పైకి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. నీళ్లలోకి అసలు దిగొద్దు: మోకాలి లోతు అరుగు దాటితే ఒక్కసారిగా అడుగు అందదు. పెద్ద తేనెపట్టు ఉంటే సెంటు, పొగ రెండూ ప్రమాదమే. పక్కనే పని నడుస్తున్న క్వారీ ఉంటే బ్లాస్టింగ్ వేళలు వాచ్‌మన్‌నడిగాకే వెళ్లండి.