ఈస్ట్ కణంలో క్రోమోజోముల పంపకం: ‘ఆగు’ అనే సంకేతాన్ని ప్రయోగంలో చూడడం ఎలా

రొట్టెల తయారీలో వాడే ఈస్ట్, అంటే సాకరోమైసిస్ సెరివిసియే, ఏకస్థితిక (ప్రతి క్రోమోజోమూ ఒక్కొక్కటే ఉన్న) కణంలో 16 క్రోమోజోములు ఉంటాయి. కణం విభజన చెందే ముందు ప్రతి క్రోమోజోముకూ ఒక జంట తయారవుతుంది. ఆ జంటలో ఒకటి తల్లికణంలో ఉండిపోవాలి, రెండోది మొగ్గలోకి, అంటే తల్లికణం పక్కన పెరిగే పిల్లకణంలోకి, వెళ్లాలి. ఈ పంపకంలో ఒక క్రోమోజోము తప్పిపోవడం సుమారు లక్ష విభజనలకు ఒకసారి మాత్రమే జరుగుతుంది. ఏ జంటైనా కండె తంతువులకు (క్రోమోజోములను రెండు వైపులకూ లాగే సన్నని దారాలకు) తగులుకోకుండా మిగిలిపోతే, ‘ఇంకా విడిపోవద్దు’ అని కణాన్ని నిలిపివేసే ఒక సంకేతం ఇందుకు చాలావరకు కారణం. ఆ సంకేతం పనిచేస్తున్నదో లేదో ఒక పగటి పనిలో ఎలా తేల్చుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ఏమి కొలుస్తున్నామో ముందు తెలిసి ఉండాలి. ఈ ఈస్ట్‌లో సెంట్రోమియర్, అంటే క్రోమోజోము మీద తంతువు తగులుకునే చోటు, పొడవు సుమారు 125 బేస్ జతలే. దాని మీద కట్టుకునే ప్రోటీన్ల గుంపు, అంటే ఒక్కో కైనిటోకోర్‌ను, ఒకే ఒక్క తంతువు పట్టుకుంటుంది. తంతువు దొరకని కైనిటోకోర్ మీద ఎంపీఎస్1 అనే కైనేజ్, ఎస్‌పీసీ105 ప్రోటీనుకు ఫాస్ఫేట్లను తగిలిస్తుంది. అక్కడికి బబ్3, బబ్1 అనే ప్రోటీన్లు చేరతాయి, వాటి వెంట మ్యాడ్1, మ్యాడ్2 వస్తాయి. చివరకు మ్యాడ్2, మ్యాడ్3 కలిసి, పీడీఎస్1 అనే ప్రోటీను నశించడానికి కావలసిన సీడీసీ20ని పట్టేస్తాయి. సీడీసీ20 చిక్కుకుపోతే పీడీఎస్1 నశించదు. పీడీఎస్1 ఉన్నంతకాలం ఈఎస్‌పీ1 అనే కత్తెర తెరుచుకోదు. కత్తెర తెరుచుకోనిదే జంటను కట్టి ఉంచే కొహీసిన్ వలయంలోని ఎస్‌సీసీ1 తెగదు. మ్యాడ్, బబ్ జన్యువులను 1991లో రెండు బృందాలు విడివిడిగా, తంతువులను దెబ్బతీసే బెనొమిల్ అనే మందుకు తట్టుకోలేని ఈస్ట్‌ల కోసం వెదుకుతూ కనుగొన్నాయి. ఎస్‌సీసీ1 తెగడమే జంట విడిపోవడానికి మూలమని 1999లో తెలిసింది. మనం సూక్ష్మదర్శినిలో చూసేది ఈ గొలుసులోని ఆఖరి లింకును.

జంట విడిపోయిందో లేదో కంటికి కనిపించాలంటే క్రోమోజోము మీద ఒక గుర్తు కావాలి. సెంట్రోమియర్‌కు కొంత దూరంలో లాక్ ఆపరేటర్ వరుసను, సాధారణంగా 256 సార్లు, చేర్చి, దానిని అంటుకునే ప్రోటీనుకు ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీని తగిలించిన స్ట్రెయిన్లు (ఈస్ట్ రకాలు) 1996 నుంచి వాడుకలో ఉన్నాయి. జంట కలిసి ఉంటే ఒక చుక్క, విడిపోతే రెండు చుక్కలు కనిపిస్తాయి. గుర్తు సెంట్రోమియర్‌కు మరీ దగ్గరగా ఉండే స్ట్రెయిన్‌తో ఒక చిక్కు ఉంది: మామూలు మధ్యస్థ దశలో (జంట విడిపోవడానికి ముందు దశలో), కొహీసిన్ చెక్కుచెదరకపోయినా, రెండు వైపుల లాగుడుకు ఆ ప్రాంతం కొద్దిసేపు విచ్చుకుని రెండు చుక్కలుగా కనిపిస్తుంది. మందుతో తంతువులను కరిగించిన కణాల్లో ఈ లాగుడు ఉండదు గనుక మన ప్రధాన ప్రయోగానికి ఇబ్బంది లేదు. మందు లేని కంట్రోల్‌లో మాత్రం పొరపడడం చాలా తేలిక.

కనీసం రెండు స్ట్రెయిన్లు ఉండాలి: చుక్క గుర్తు ఉన్న సహజ స్ట్రెయిన్ ఒకటి, అదే నేపథ్యంలో మ్యాడ్2 తొలగించినది మరొకటి. రెండూ ‘ఎ’ లైంగిక రకానికి చెంది, రెండింటిలోనూ బార్1 అనే జన్యువును తొలగించి ఉండాలి. అడినైన్ తయారీకి కావలసిన ఏడీఈ2 జన్యువు లోపమున్న స్ట్రెయిన్ అయితే మీడియాలో అడినైన్ అదనంగా వేయడం మరవకూడదు. వేయకపోతే కణాల్లో పేరుకునే ఎర్రటి పదార్థం వెలుగులో చుక్క కలిసిపోతుంది.

ముందురోజు రాత్రి పెంచిన కల్చర్‌ను ఉదయం పల్చగా చేసి, వైపీడీలో (ఈస్ట్ పెంచే మామూలు పోషక ద్రవంలో) 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఓడీ (కణాల సాంద్రతను తెలిపే మసక కొలత) 0.2 వరకు పెరగనివ్వాలి. తర్వాత మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల చొప్పున ఆల్ఫా ఫ్యాక్టర్ కలపాలి. ఇది ‘ఆల్ఫా’ రకం కణాలు విడుదల చేసే, 13 అమైనో ఆమ్లాల సంకేతం. దానిని గ్రహించిన ‘ఎ’ రకం కణం విభజన మొదలుపెట్టకుండా ఆగుతుంది. అంటే లోపలి సంకేతాన్ని కొలవడానికి బయటి సంకేతాన్నే పనిముట్టుగా వాడుకుంటున్నాం. బార్1 తొలగించమన్నది అందుకే: అది ఆల్ఫా ఫ్యాక్టర్‌ను కోసివేసే ఎంజైము, అది ఉంటే దాదాపు నూరు రెట్లు మోతాదు కావలసి వస్తుంది. ఒకటిన్నర నుంచి రెండు గంటల్లో 90 శాతానికి పైగా కణాలు మొగ్గ లేకుండా, ఒక కొన సాగి కనిపించాలి. అంత శాతం రాకుండా ముందుకు వెళ్లడం వృథా ప్రయాసే.

తర్వాత కణాలను సెంట్రిఫ్యూజ్‌లో దించి, వెచ్చని తాజా వైపీడీతో రెండుమూడుసార్లు కడిగి, ప్రతి స్ట్రెయిన్‌నూ రెండు ఫ్లాస్కులకు పంచాలి. ఒకదానిలో మిల్లీలీటరుకు 15 మైక్రోగ్రాముల నోకొడజోల్, 1 శాతం డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రావకం). రెండోదానిలో అంతే డీఎంఎస్‌ఓ మాత్రమే. నోకొడజోల్ కండె తంతువులను కరిగించివేస్తుంది. అయితే అది నీటిలో సులువుగా కరగదు. చల్లని మీడియాలో ఒక్కసారిగా పోస్తే సన్నని సూదుల్లాంటి స్ఫటికాలై అడుగుకు చేరుతుంది. అప్పుడు సహజ స్ట్రెయిన్ కూడా హాయిగా విభజన చెందుతూ పోతుంది, మనమేమో స్ట్రెయిన్ చెడిపోయిందనుకుంటాం. ఫ్లాస్కును తిప్పుతూ చుక్కచుక్కగా కలపడమే మార్గం. కణాలను ఐసు మీద పెట్టకూడదు, ఎందుకంటే చలికి కూడా తంతువులు విడిపోతాయి.

మూడు గంటలపాటు 20 నిమిషాలకొకసారి నమూనా తీయాలి. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 10 నుంచి 15 నిమిషాలు స్థిరపరచి, ఫాస్ఫేట్ బఫర్‌తో కడగాలి. మిథనాల్ జోలికి పోతే జీఎఫ్‌పీ వెలుగు పోతుంది. చూసేటప్పుడు ఒక్క పొరలో ఆగకుండా, 0.3 మైక్రాన్ల ఎడంతో పైనుంచి కిందికి వరుసగా చిత్రాలు తీయాలి. ఒక చుక్క కింద మరొకటి దాగి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఒక్కో నమూనాలో 200 కణాలు లెక్కించాలి, అదీ ట్యూబుల మీది పేర్లను మరొకరి చేత కప్పించిన తర్వాత.

నోకొడజోల్‌లోని సహజ స్ట్రెయిన్‌లో పెద్ద మొగ్గ, ఒకే చుక్క ఉన్న కణాలు పేరుకుపోవాలి. మ్యాడ్2 లేని స్ట్రెయిన్‌లో మొదట అదే పెద్ద మొగ్గ కనిపిస్తుంది; ఆ తర్వాత ఒకే కేంద్రకంలో చుక్క రెండవుతుంది, కొంతసేపటికి కొత్త మొగ్గ కూడా తొడుగుతుంది. రెండో విభజన చక్రం గందరగోళం వద్దనుకునేవారు చిన్న మొగ్గలు రాగానే మళ్లీ ఆల్ఫా ఫ్యాక్టర్ కలుపుతారు. అలా కలిపిన ఫ్లాస్కులో కొత్త మొగ్గను వెదకడంలో అర్థం లేదు. మూడు గంటలు దాటాక సహజ కణాలు కూడా ఆగిన స్థితి నుంచి నెమ్మదిగా జారుకోవచ్చు గనుక ఆ తర్వాతి అంకెలను నేను లెక్కలోకి తీసుకోను.

పెద్ద మొగ్గల శాతం ఒక్కటే చూసి తీర్పు చెప్పడం, బెనొమిల్ ప్లేటు మీద పెరగలేదు కాబట్టి సంకేతం లోపించిందనడం, ఈ రెండూ తరచూ జరిగే తప్పులు. తంతువులను కట్టే ట్యూబులిన్ ప్రోటీను బలహీనంగా ఉన్న స్ట్రెయిన్ కూడా బెనొమిల్ మీద చస్తుంది, దాని సంకేతం మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ట్యూబులిన్ లోపాన్నీ సంకేత లోపాన్నీ వేరుచేయడానికి గంటకొకసారి కణాలు తీసి, మందు కడిగేసి, ప్లేటుకు సుమారు 200 చొప్పున వైపీడీ మీద పరచి రెండుమూడు రోజుల తర్వాత కాలనీలు లెక్కపెట్టాలి. సహజ కణాలు మందు పోగానే కండెను మళ్లీ కట్టుకుని చాలావరకు బతుకుతాయి. మ్యాడ్2 లేనివాటిలో కాలనీల సంఖ్య గంటగంటకూ పడిపోతుంది.

ఐపీఎల్1, అంటే అరోరా కైనేజ్, సంగతి వేరు. జంటలోని రెండు కైనిటోకోర్లూ ఒకే ధ్రువానికి (కండె కొనకు) తగులుకుని, లాగుడు ఏర్పడనప్పుడు, ఆ తప్పుడు ముడిని విప్పేది ఇదే. ఐపీఎల్1 లోపించినా నోకొడజోల్‌లో కణం ఆగుతుంది, కాబట్టి పైన చెప్పిన ప్రయోగంలో ఈ స్ట్రెయిన్ మామూలుగానే కనిపిస్తుంది. దాని లోపం బయటపడాలంటే మందు వాడకూడదు. ఐపీఎల్1-321 అనే ఉష్ణ సున్నిత స్ట్రెయిన్‌ను, దాని పక్కనే సహజ స్ట్రెయిన్‌ను, 25 డిగ్రీల వద్ద ఆల్ఫా ఫ్యాక్టర్‌తో ఆపి, 37 డిగ్రీల వద్ద విడుదల చేసి, కేంద్రకం తల్లికీ మొగ్గకూ మధ్య సాగిన కణాలను మాత్రమే ఎంచుకోవాలి. వాటిలో చుక్కలు చెరొకవైపు ఉన్నాయా, రెండూ ఒకేవైపు ఉన్నాయా అని రాసుకోవాలి. ఒకేవైపు ఉన్నవాటిలో చాలావరకు రెండు చుక్కలూ మొగ్గలోనే ఉంటాయి, ఎందుకంటే పాత ధ్రువం మొగ్గలోకి వెళ్తుంది, విప్పేవారు లేక జంట మొత్తం దాన్నే పట్టుకుని ఉంటుంది.