వానాకాలంలో పొట్ట డయాలసిస్: తడి దగ్గర, పిల్లి దగ్గర జాగ్రత్త

ఇంట్లోనే ద్రవం బ్యాగులు మార్చుకుంటూ పెరిటోనియల్ డయాలసిస్ (కిడ్నీలు పనిచేయనప్పుడు ట్యూబు ద్వారా పొట్టలోకి ద్రవం పంపి, తిరిగి తీసి రక్తాన్ని శుద్ధి చేసే పద్ధతి) చేసుకునేవారి పొట్టలో చీము పట్టించేవి చాలావరకు మన చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ జాతి క్రిములే. వానలు పడ్డాక మాత్రం సూడోమోనాస్, ఏరోమోనాస్ వంటి నీటి క్రిములనూ, తడి మట్టిలో ఉండి మెలియాయిడోసిస్ అనే తీవ్రమైన ఇన్ఫెక్షన్ కలిగించే బర్ఖోల్డేరియానూ దృష్టిలో పెట్టుకోవాలి.

ముందుగా మానుకోవలసింది బ్యాగును వేడినీళ్ల గిన్నెలో ముంచి వెచ్చబెట్టే అలవాటు. ఎంత తుడిచినా ట్యూబు కలిపే చోట మడతలో ఒక చుక్క నిలిచిపోవచ్చు, క్రిమికి అదే చాలు. ఆస్పత్రిలో నేర్పినట్టు పొడి వేడితోనే వెచ్చబెట్టాలి. చేతులు కడిగాక వేళ్ల సందులు కూడా పొడి తువ్వాలుతో తుడుచుకుని, శానిటైజర్ రాసుకుని, అది పూర్తిగా ఆరాకే ట్యూబు మూత ముట్టుకోవాలి.

వానకు పిల్లులు ఇంట్లోకి చేరతాయి. రాత్రంతా డయాలసిస్ మెషీన్ మీద ఉండేవారి ట్యూబు కదులుతుంటే పిల్లి దాన్ని ఆటవస్తువనుకుని కొరుకుతుంది, దాని నోట్లోని పాశ్చరెల్లా క్రిమి నేరుగా పొట్టలోకి చేరుతుంది. ఆ పంటిగాటు కంటికి ఆనకపోవచ్చు, పక్కగుడ్డ తడిసినప్పుడే తెలుస్తుంది. అలా తడి కనిపిస్తే టేపు చుట్టి సరిపెట్టకుండా, శరీరం వైపు క్లాంపు బిగించి వెంటనే డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేయాలి. పిల్లి ఎంత ముద్దుదైనా ఆ గదిలోకి రానివ్వకండి.

బురదలో నాట్లకు దిగడం, చెరువులో ఈత ఈ నెలల్లో వద్దు. షుగరు కూడా ఉన్నవారికి మెలియాయిడోసిస్ ముప్పు మరీ ఎక్కువ. 2027 గోదావరి పుష్కరాలకు వెళ్లేవారు మునక వేయకుండా తలమీద నాలుగు చుక్కలు చల్లుకుంటే చాలు.

బయటికి వచ్చిన ద్రవాన్ని ప్రతిసారీ దినపత్రిక మీద పెట్టి చూడండి. అక్షరాలు మసకబారితే, నొప్పి లేకపోయినా, ఆ బ్యాగును పారబోయకుండా అలాగే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ముందే మింగితే కల్చర్‌లో, అంటే ల్యాబులో క్రిమిని పెంచి గుర్తించే పరీక్షలో, క్రిమి పెరగకపోవచ్చు. ఆ ద్రవం పరీక్షలో మైక్రోలీటరుకు 100కు మించి తెల్లకణాలుండి, వాటిలో సగానికిపైగా న్యూట్రోఫిల్స్ అయితే ఇన్ఫెక్షన్‌గానే భావించి చికిత్స మొదలుపెడతారు. పిల్లి సంగతి, పొలం పని, నీళ్లలో దిగిన సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి, మందు ఎంపిక దాన్నిబట్టి మారుతుంది. సరైన మందు పడినా 5 రోజులకు ద్రవం తేటపడకపోతే సాధారణంగా పొట్టలోని ట్యూబు తీసేయాలంటారు. డయాలసిస్‌కు ఆధారమైన పొట్టలోపలి పొరను కాపాడుకోవడానికే ఆ మాట, కనుక వాయిదా వేయమని పట్టుబట్టవద్దు.